గీకే రేకుకు గట్టి కడ్డీ

శ్రీకాళహస్తి పేరు చెబితే కలంకారీ గుర్తుకొస్తుంది. చెక్కపని మాటొస్తే మాత్రం ఏర్పేడు మండలంలోని మాధవమాల పేరు చెప్పాలి. దేవతా విగ్రహాలు చెక్కే ఊరది. ఉలి గాట్లు పోయి కొయ్య నునుపు తేలేదాకా విగ్రహం పూర్తయినట్టు కాదు. గీకి నునుపు చేసే ఆ పనికి ఈ ప్రాంతంలో గుళ్లకంటే, ఊళ్లకంటే చాలా పాత చరిత్ర ఉంది.

1960లలో పురావస్తు పరిశోధకుడు ఎం.ఎల్.కె. మూర్తి రేణిగుంట పరిసరాల్లో పాత రాతియుగం చివరి దశ పనిముట్లను వెలుగులోకి తెచ్చారు. పొడవాటి రాతి బ్లేడ్లు, చెక్కే బ్యూరిన్లు, వాటితో పాటు గీకుడు రాళ్లు. తర్వాత కర్నూలు గుహల్లో ఒకటైన ముచ్చట్ల చింతమాను గవిలో ఆయన తవ్వకాలు జరిపితే ఎముక పనిముట్లు పెద్దసంఖ్యలో దొరికాయి. వాటి వయసు సుమారు 17 వేల ఏళ్లు. తోలు, ఎముక, కొయ్య, దేన్ని నునుపు చేయాలన్నా అప్పటివాళ్లకు గీకడం ఒక దారి. రాతి అంచు మొద్దుబారితే కొమ్ముతోనో ఎముకతోనో తట్టి, నొక్కి, సన్నని పెళ్లలు రాలగొట్టి మళ్లీ పదును తెచ్చేవారు. రాయికంటే మెత్తని వస్తువుతో రాయికి పదును పెట్టడమన్నమాట!

ఉక్కు వచ్చాక ఈ లెక్క తిరగబడింది, పదును పెట్టే వస్తువే గట్టిగా ఉండాల్సి వచ్చింది. ఉక్కు విషయంలో మనకు తక్కువ పేరేమీ లేదు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి ఉక్కు తీసే తీరును హెన్రీ వాయిసీ రాసిపెట్టాడు. ఆ వ్యాసం 1832లో అచ్చయింది. అక్కడి ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. 1795లో లండన్‌లో జార్జ్ పియర్సన్ భారతీయ ఉక్కుపై పరిశోధనపత్రం సమర్పించాడు. ఇంత ఉక్కు చేసిన నేలలో కూడా మామూలు వడ్రంగి చాలాచోట్ల గాజు పెంకుతోనే గీకాడు. తప్పేముంది, కొత్తగా పగిలిన గాజు అంచు భలే కోస్తుంది. కాకపోతే పదును పోయిన పెంకును పారేయాల్సిందే.

కొయ్యను గీకే పలుచని ఉక్కు రేకు, అంటే స్క్రాపర్, అలా కాదు. ఎర్రచందనం లాంటి గట్టి, పోగు మెలిపడిన కొయ్యమీద చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి. అక్కడ రేకుదే పైచేయి. ముందు అంచును ఆకురాయితో చదును చేసి, నూనెరాయి మీద నున్నగా రుద్దుతారు. తర్వాత నునుపైన గట్టి కడ్డీతో, అంటే బర్నిషర్‌తో, ఒక బొట్టు నూనె వేసి అంచును నొక్కి రుద్దుతారు. చివర్న రేకును నిలబెట్టి, కడ్డీని ఐదు నుంచి పది డిగ్రీలు వాల్చి లాగితే అంచు కంటికి ఆనని కొక్కెంలా వంగుతుంది. ఆ కొక్కెమే కొయ్యను కోసేది. సన్నని పొరలు లేస్తే పదును ఉన్నట్టు, దుమ్ము మాత్రమే రాలితే పోయినట్టు. అప్పుడు అంచును మళ్లీ మడిస్తే సరి, ప్రతిసారీ ఆకురాయి పట్టనక్కర్లేదు.

ఈ కడ్డీ రేకుకంటే గట్టిగా ఉండాలి, ఒంటిమీద గీత ఉండకూడదు. తక్కినవన్నీ ఆ తర్వాతే. ప్రత్యేకంగా కొనే అలవాటు లేనికాలంలో పాత ముక్కోణపు ఆకురాయి పళ్లు అరగదీసి, మెరుగుపెట్టి వాడారు. ఉలి వీపు, గోటి ఉలి వంపు, ఇంజిన్ వాల్వు కాడ, అన్నీ ఈ పనికి దిగాయి. స్క్రూడ్రైవర్‌ను మాత్రం నేను ఒప్పుకోను. చవకరకం కాడమీద రేకే గాట్లు పెడుతుంది. డ్రిల్ బిట్టుతోనూ జాగ్రత్త. కోసే భాగం గట్టిదైనా కాడ మెత్తగా ఉండొచ్చు. గుండ్రని సన్నకడ్డీ ఒత్తిడిని ఒకచోట పెడుతుంది కాబట్టి తక్కువ బలంతో అంచు మడుస్తుంది. ఇప్పుడు కార్బైడ్ కడ్డీలు వచ్చాయి. అవి ఉక్కు కడ్డీలకంటే చాలా గట్టివి, కానీ కిందపడితే విరిగే గుణముంది.

కొనబోయేముందు కడ్డీ చివర ఆకురాయితో ఒక్కసారి గీసి చూడండి. ఆకురాయి జారిపోతే కొనండి, పట్టుకుంటే అక్కడే వదిలేసి రండి.