రంగము మేడగది

అనంతగిరి ఘాటు నెక్కి అరకు లోయలోనికి దిగినప్పుడెల్ల నా చూపు జలపాతముల కంటెను, కాఫీ తోటల కంటెను ముందుగా ఇండ్ల మీద నిలుచును. సముద్రమట్టమునకు 900 మీటర్ల యెత్తున, వలిసెపూల పసుపుమడుల నడుమ, ఎఱ్ఱమట్టితో అలికిన గోడలు, మనిషి వంగినగాని లోనికి పోనీయని వాలుచూరులు, ముందొక అరుగు, ప్రక్కనొక పశువులసాల, వెనుకనొక పెరడు, ఇవి యన్నియు కలిసినగాని అచ్చట ఇల్లు అనిపించుకొనదు. అచ్చటి కొండజాతివారైన గదబలు ఒకప్పుడు గుండ్రని గోడపై శంకువువంటి కప్పు వేసి ఇండ్లు కట్టుకొనెడివారు. అట్టివి ఇప్పుడు అరుదైపోయినవి. ఉత్తరమున పార్వతీపురము, శ్రీకాకుళము కొండలలోని సవరలైతే స్థలమెంచుటకే ఒక తంతు నడిపెడివారు. కట్టదలచినచోట బియ్యపుగింజలను రాత్రి కప్పిపెట్టి, తెల్లవారి తీసి చూచి, అవి చెదరకున్నచో ఆ నేల తమ్ము ఒప్పుకొనినదని భావించెడివారని ఆనాటి ఆంగ్లేయోద్యోగులు వ్రాసిపెట్టిరి. (సవరల భాషకు నిఘంటువు నిర్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు తలచుచు, ఆయన జీవితమంతయు ఎదిరించిన గ్రాంథికములోనే ఈ మాట వ్రాయుచుండుట నాకు కొంత సిగ్గుగానే ఉన్నది.)

నేల ఒప్పుకొనినగాని ఇల్లు కట్టని ఈ కొండల జిల్లానుండియే, వేలకొలది జనులు సముద్రము దాటి, నేల అన్నది కాలికి తగులని మూడవ అంతస్తు గదిలో బ్రతుకుటకు పోయిరి. ఆ గది కథ చెప్పవలెనని నా కోరిక.

ఆనాటి విశాఖపట్టణము జిల్లా నేటి జిల్లా కాదు. సముద్రతీరమునుండి జయపురము సంస్థానము వఱకు వ్యాపించిన మహామండలము అది. 1936లో కోరాపుట్టు ఒడిషాకు పోయెను. 1950లో శ్రీకాకుళము, 1979లో విజయనగరము వేఱుపడెను. 2022లో అరకు, పాడేరు ప్రాంతములు అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యెను. 1839నాటి చట్టముతో కొండభాగము గవర్నరు ఏజెంటు చేతిలోనికి పోయినందున దానికి ఏజెన్సీ అను పేరు వచ్చి, ఏజెంటు పోయినను పేరు మాత్రము నిలిచిపోయినది. ఈ మండలమునుండి వలసకు రెండు దారులుండెను. తీరమువారును, కొండ దిగువ మెట్టపల్లెలవారును ఓడయెక్కి బర్మాకు పోయిరి. కొండవారిలో సవరలు, కోదులు, పోర్జలు మొదలగువారు పలువురు రైలెక్కి అస్సాము తేయాకు తోటలకు పోయిరి. ఒకే కరవు, ఒకే అప్పు ఇరువురిని తరిమినను, ఒకరికి మేడ, ఒకరికి తోట కూలీల వరుసగదియైన లైను దక్కినవి.

అప్పు అన్నమాట ఇక్కడ ఊరక వాడలేదు. కొండలలో గొత్తి అను పద్ధతి ఉండెను: తీసికొనిన కొద్దిపాటి రొక్కమునకు మనిషి తన్ను తానే తాకట్టు పెట్టుకొని, ఆ ఋణము తీరువఱకు సాహుకారు పొలములో పాటుపడవలెను, అది తీరుట అరుదు. దీనిని మాన్పుటకు మద్రాసు ప్రభుత్వము 1940లోగాని ప్రత్యేక నిబంధన చేయలేదు. మఱియొకవంక, 1882నాటి అడవి చట్టము వచ్చినపిదప పోడు కొట్టుకొనుటకు అడ్డంకులు పెరిగినవి. దిగువ పల్లెలలో వాన తప్పిన యేడు చోళ్ళగాదె మాఘము రాకమునుపే ఖాళీ అయ్యెడిది. అట్టి సమయమున బయానా చేతబట్టుకొని వచ్చిన, కూలీలను కుదుర్చు మేస్త్రీ, దేవుడో దయ్యమో తేలకుండగనే, ఊరిలో పదిమందిని పోగుచేసెడివాడు.

బర్మాలో మనవారికి కోరంగీలు అని పేరు. గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి తొల్త పోయినవారిని బట్టి ఆ పేరు పుట్టినదందురు; 1839నాటి పెనుతుపాను ఆ రేవును నేలమట్టము చేసినను, పేరు మాత్రము సముద్రమావలి యొడ్డున బ్రతికినది. తరువాతి దినములలో కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ రేవులలో బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమరులు ఆగి, జనమును డెక్కుమీద ఎక్కించుకొని పోయెడివి. మన పల్లెలలో రంగూనును రంగమందురు. ‘రంగము పోయినాడు’ అన్న మాటలో దూరము, డబ్బు, దిగులు మూడును ఇమిడియుండెడివి.

ఇక ఆ నగరము. 1852 యుద్ధముతో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైనపిదప, మాంట్‌గొమరీ, ఫ్రేజరు అను ఇద్దరి ప్రణాళిక ననుసరించి రంగూనును చదరంగపు బల్లవలె గీచి, నది నుండి ఉత్తరముగా సన్నని వీధులను వరుసగా కోసి, వానికి పేరులకు బదులు సంఖ్యలు పెట్టిరి. నేటికిని అచ్చట 26వ వీధి, 50వ వీధి అనియే వ్యవహారము. నగరము నిండినకొలది, చిత్తడి నేలను మెఱకవేసి సంపాదించిన ప్రతి జాగా బంగారమై, యజమానులు స్థలమును సన్నని పట్టీలుగా విడదీసి, పట్టీ పట్టీ మీద మూడు నాలుగు అంతస్తుల ఇటుకమేడలు లేపిరి. ఆ గదుల వెడల్పు పన్నెండు పదమూడు అడుగులు, పొడుగు నలువది యేబది అడుగులు. అనగా గది యనుటకంటె గొట్టమనుట సరి. వెలుతురు వీధివైపు ఒకమారు, వెనుకసందువైపు ఒకమారు లోనికి తొంగిచూచును. నడుమ భాగమున పట్టపగలు దీపము కావలెను. కప్పు కొంచె మెత్తుగా ఉన్నచో దానిక్రింద చెక్కలు పఱచి అటకవంటి అరయంతస్తు వేయుదురు. అక్కడ కూర్చుండవచ్చును, పండవచ్చును, నిలుచుటకు మాత్రము వీలులేదు. మెట్లు వీధినుండి తిన్నగా, నిచ్చెనవలె, మలుపులేక పైకి పోవును. కొండలెక్కిన కాళ్ళకు ఆ మెట్లొక లెక్క కాదని మీరనుకొనవచ్చును. కాని కొండయెక్కువానికి పైన గాలి యుండును.

ఆ గొట్టములలో మనవారు కాపురముండలేదు, నిలువ చేయబడిరి. కఠినముగా తోచినను ఇంతకంటె తగిన మాట నాకు దొరకలేదు. కూలివాని యజమాని మిల్లువాడు కాదు, రేవు కంపెనీవాడును కాదు, మేస్త్రీ. వాని పైన పెద్ద మేస్త్రీ. ఆ పైన మఱియొకడు. బయానా ఇచ్చినది మేస్త్రీ, పని చూపినది మేస్త్రీ, కూలి చేతికి ముట్టకముందు తన వాటా కోసికొనునది మేస్త్రీ. తలదాచుకొను గది సైతము తఱచుగా వాని మాటకు లోబడినదే. గదిలో ఎందఱుండవచ్చునో పురపాలక నిబంధనలు చెప్పుచునే యుండెను. ఆ సంఖ్య కాగితముపై ఉండెను, జనులు చాపలపై ఉండిరి. రేవులో పగటి పాళీవాడు లేచిన చాపమీద రాత్రి పాళీవాడు మేను వాల్చెడివాడు. చాపకు మాత్రము సెలవు లేదు. ప్రతివానికిని సొంతమైనవి ఒక రేకుపెట్టె, గోడకొక మేకు. ఆ మేకునకు తగిలించిన చొక్కాయే వాని సరిహద్దు.

1931 జనాభా లెక్కల ప్రకారము రంగూనులో ఉన్న నాలుగు లక్షలమందిలో రెండు లక్షల పండ్రెండువేలకు పైగా భారతీయులే; సగముకన్న ఎక్కువ. అందులో రేవు మోతలు, బియ్యపుమిల్లులు, కొయ్యమిల్లులు, రిక్షాలు, వీధులూడ్చుట మొదలగు ఒడలు విరుగు పనులలో తెలుగువారి పాలు పెద్దది. స్త్రీలు మిక్కిలి తక్కువ. ఈ ఒక్క సంగతి తెలిసినగాని మేడగది యర్థము కాదు. బియ్యపుమిల్లుల పని కోతల తరువాత, జనవరి మొదలు వేసవి వఱకు ముమ్మరము. కావున సంక్రాంతి సరిగా ఆ మరల రొదలోనే వచ్చెడిది. వాకిలి లేనిచోట ముగ్గెక్కడ పెట్టుదురు? ముగ్గు పెట్టవలసిన చేయి గజపతినగరములోనో, నరసన్నపేటలోనో ఉండగా, ఇక్కడ ముప్పదిమంది మగవారికి ఒక్క పొయ్యి, ఒక్క గుండిగ, వంతులవారీగా వంట. అయినను ఇంటికి ఉత్తరము వ్రాయించునప్పుడు ‘మేడలో ఉంటున్నాను’ అని చెప్పినవాడు అబద్ధమాడలేదు. మేడ అనగా జమీందారునిదే యని యెఱిగిన పల్లెలో ఆ మాట విని తల్లి యెంత పొంగియుండునో ఊహించుకొనవలసినదే.

ఆ గదులనుండియే డబ్బు కదలినది. మనియార్డరులుగా వచ్చిన రూపాయలతో శిస్తులు తీరినవి, పెండ్లిండ్లు జరిగినవి. తీరపు పల్లెలలో పాత ఇండ్ల ద్వారబంధములను చూపి ‘ఇది బర్మా టేకు’ అని నేటికిని గర్వముగా చెప్పుదురు. కాని అది తేగలిగినవాడు మేస్త్రీయో, వర్తకుడో. చాపమీది కూలివాడు కాదు. చరిత్ర చెప్పునప్పుడు మనము ఈ ఇద్దరిని కలిపి ‘రంగము పోయి బాగుపడినవారు’ అనుచుందుము. అది న్యాయము కాదు.

కొండవాని దారి వేఱు. కూలీలను పోగుచేయు దళారియైన ఆర్కాటీ మాట నమ్మి, లేక తోటనుండి తిరిగివచ్చిన సర్దారు వెంట, అస్సాము చేరినవానికి దొరికినది లైను: ఒకే కప్పు క్రింద, లేక ఒకే వరుసలో, ఒకదాని కొకటి అతికిన గదులు. బియ్యపుగింజలతో నేలను అడుగవలసిన పని లేదు. స్థలమును దొర యెంచెను. తోటకు కావలివాడు, లైనుకు కావలివాడు. ఒప్పందము విడిచి పారిపోయినచో చట్టము పట్టితెచ్చి యిచ్చు కాలము చాల యేండ్లు నడచినది. 1932నాటి తేయాకు మండలముల వలస చట్టము, మూడేండ్లు పనిచేసినవానికి తోట ఖర్చుపై స్వగ్రామము చేరు హక్కు నిచ్చెను. హక్కు వచ్చినను అందఱును తిరిగిరాలేదు. సవరలు, తెలుగువారు నేటికిని అస్సాము తోటల జనములో తరతరములుగా ఉన్నారు.

రంగమునుండి జనము తిరుగుచునే యుండుట, అస్సామునుండి తిరుగకపోవుట ఎందువలన? చట్టములను, దూరమును కారణములుగా చెప్పువారు గలరు. అవి కొంతవఱకు నిజమే. నా మట్టుకు ఇంకొకటి తోచుచున్నది. తోటయజమానికి ఆకుగిల్లు చేతులు కావలెను, ఆ చేతులు స్త్రీలవి, పిల్లలవి. కావున కుటుంబములనే తీసికొనిపోయెను. లైను ఎంత హీనమైనదైనను అది నేలమీద ఉండెను, వాకిలిలో కోడి తిరిగెను, వెనుక నాలుగు మొక్కలు నాటుకొన చోటుండెను, ఆ మట్టిలో పుట్టినవారు, ఆ మట్టిలో పోయినవారు ఉండిరి. రంగము మేడలో డబ్బెక్కువ, బంధము తక్కువ. దాస్యము బిగించిన చోట ఊరు పుట్టుట, స్వేచ్ఛగా వచ్చిపోగలిగినచోట ఊరు పుట్టకపోవుట నాకు మింగుడుపడని సంగతి; కాని జరిగినది అది.

మేడగదుల కాలము వేగముగా ముగిసినది. 1930 మే నెలలో రేవు తెలుగు కూలీలు సమ్మె చేయగా, వారి స్థానమున బర్మీయులను దింపి, సమ్మె తీరినపిదప వారిని పొమ్మనుటతో అల్లరులు చెలరేగి, నూఱుమందికి పైగా ప్రాణములు పోయినవి. ఇరుకు మెట్లకు ఒకే దారి యుండుట ఆ దినములలో ఎంత భయంకరమో వేఱుగ చెప్పనక్కఱలేదు. 1937లో బర్మా భారతదేశమునుండి వేఱుపడెను. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేయగా, ఓడ దొరకినవారు ఓడలలో, దొరకనివారు ఆరకాను దారిని, మణిపురము దారిని కాలినడకన, లక్షలుగా బయలుదేరిరి. దారిలో పోయినవారి లెక్క ఎవ్వరును సరిగా కట్టలేదు. యుద్ధానంతరము మరల పోయి, ఈమాఱు భార్యాబిడ్డలతో నిజముగా కాపురము పెట్టినవారిని, 1962లో నేవిన్ సైనిక ప్రభుత్వము వచ్చి, మఱి రెండేండ్లకు అంగళ్ళు జాతీయము చేయుటతో, మరల ఓడయెక్కించిరి. విశాఖపట్టణములో కంచరపాలెము ప్రక్కన వారికి చోటు చూపిరి. ఆ పేటను నేటికిని బర్మా క్యాంపు అనియే పిలుతురు.

ఆ మేడలు చాలవఱకు అచ్చటనే ఉన్నవి. పై అంతస్తులవారు బాల్కనీనుండి వీధిలోనికి త్రాడు వ్రేలాడదీసి, దాని కొసకు తగిలించిన క్లిప్పుతో పత్రికలు, ఉత్తరములు పైకి లాగుకొనుచుందురు. క్రిందివాడు లాగినచో పైన గంట మ్రోగును. మన పిల్లలు ఇప్పుడు సింగపూరులో ఇరువదవ అంతస్తున గది తీసికొని, గది ఎంత చిన్నదో చరవాణిలో తిప్పి చూపుచున్నారు. అరకు కొండల యువకులు కొందఱు విశాఖ అపార్టుమెంటులకు కావలివారుగా వచ్చి మెట్లక్రింది గదిలో వండుకొనుచున్నారు. వారి కథలు వారు చెప్పుకొందురు. చెప్పుటకు వారికి చదువు ఉన్నది. చాపమీద వంతు వేసికొని పడుకొనినవాడు మాత్రము ఏమియు వ్రాసిపెట్టలేదు; వానికి ఉత్తరము సైతము ఇతరులే వ్రాసిపెట్టిరి.

కావున శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతముల పాఠకులకు నాదొక విన్నపము. మీ ఇంటి అటకమీద రంగమునుండి వచ్చిన రేకుపెట్టె ఉన్నయెడల పాతయినుమువానికి వేయుటకు ముందు ఒకమాఱు తెఱచి చూడుడు. అడుగున కార్డుముక్కయో, మనియార్డరు రసీదో ఉండవచ్చును. దానిమీద ఒక వీధి సంఖ్య ఉండును. ఆ సంఖ్యను, మీ తాతగారి పేరును, ఆయన ఎక్కిన రేవు పేరును ఒకచోట వ్రాసి ఉంచుడు.