గ్రూపు ఫోటోలో లేనివాళ్లు

ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాల్ (1844-1905) రోజుల్లో ఫోటో దిగడమంటే ఎక్కువగా దొరలకే. ధర్మపురిలో మా పదో తరగతి నాటికి అది మాకూ అందింది. ఏర్పాట్లన్నీ సార్లవే: ముందు వరుస కుర్చీల్లో వాళ్లు, వెనుక మేము, చివర బల్లలెక్కిన పొడుగువాళ్లు. 120 రీలుకు చదరపు ఫోటోలు 12 మాత్రమే. అందుకే ఎవరైనా కన్నార్పితే ఫోటోగ్రాఫర్‌కు కోపం! మాకేమో నవ్వు.

ఫోటో పైసలు కట్టలేనివాళ్లు, ఆ రోజు కూలికి పోయినవాళ్లు అందులో లేరు. హాజరు రిజిస్టరులో వాళ్ల పేర్లున్నాయి. ముఖాలు మాత్రం ఎక్కడా లేవు. మన బడి చరిత్రకు ఈ ఫోటోలే ఆధారమనుకుంటే వాళ్లు చదవనట్టే లెక్క. పాత ఫోటోలున్న మిత్రులు వెనక పేర్లు రాసి తీసుకురండి, ఆ రోజు రానివాళ్లవి కూడా.