రచన: జానపదం

పెద్దగట్టు జాతరలో బేరీల మోత నడుమ నా పాట మొదటిసారి మైకులో విన్నాను. అది నేను రాసిందేనని క్యాసెట్ల బండి ఆయనతో అంటే నమ్మలేదు. అట్ట తీసి చూపించాడు. పాడినాయన పేరుంది, సంగీతం పేరుంది. అడుగున చిన్న అక్షరాల్లో 'రచన: జానపదం'. మునగాలలో మా అరుగు మీద, సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలిన వారం, మా అమ్మ నాటు నుంచి వచ్చేలోపు కట్టిన పాట అది.

పాట మిగిలి పేరు పోవడం మా వైపు పాత సంగతే. మునగాల ఒకప్పుడు కృష్ణా జిల్లా పరగణా. చుట్టూ నిజాం ఇలాకా, నడుమ మాది తెల్లవాళ్ల ఏలుబడి. 1959లో గానీ నల్లగొండలో కలపలేదు. 1930ల్లో జమీందారు మీద రైతులు తిరగబడ్డ నేల ఇది. తరువాత పదేళ్లకు బుర్రకథ దళాలు ఊరూరా తిరిగాయి. అటు నిజాం సర్కారూ ఇటు మద్రాసు సర్కారూ ఆ కథల్ని నిషేధించాయి. తంబూరా పట్టిన కథకుడు, గుమ్మెటలతో ఇద్దరు వంతలు జనానికి గుర్తుంటారు. కథ రాసినాయన గుర్తుండడు. నిజాంను నిలదీసిన ఆ బండ్ల పాట బండి యాదగిరిది. తెలంగాణ సాయుధ పోరాటం ఆగిన దాదాపు ముప్పై ఏళ్లకు 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతున వినపడేసరికి గద్దరే రాశాడనుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పశులుగాసే పిల్లవాడి పాట సుద్దాల హనుమంతుది. అది పాడుకునేవాళ్లలో ఆ పేరు తెలిసినవాళ్లు ఎందరు?

క్యాసెట్లు జోరుమీదున్న రోజుల్లో నాకూ మంచికాలం నడిచింది. కోదాడలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. ఏ సైడ్ నాలుగు, బీ సైడ్ నాలుగు పాటలు. తెల్లకాగితం మీద సంతకం, చేతిలో ఒక్కసారి డబ్బు, అంతే. ఆ డబ్బుతోనే ఇంటిమీద రేకులు వేయించాను. తరువాత ఎంపీత్రీ సీడీలొచ్చాయి. వంద పాటలు ఒక్క బిళ్లలో పట్టాక నా ఎనిమిది పాటలు కొనేవాడెవడు? సూర్యాపేటలో నేను నిలబడి అట్టలు చూసుకున్న కొట్టు సెల్‌ఫోన్ల దుకాణమైంది. నాలుగేళ్లు పెళ్లిపాటలు, ఓట్లపాటలు రాసి బతికాను.

రాసినవాడు తన రాయల్టీ వాటాను వదులుకోవడానికి వీల్లేకుండా 2012లో చట్టం మార్చారు. నా సంతకాలు అంతకు ముందువి.

యూట్యూబ్ పిల్లలు వచ్చి "తాతా, పాట ఇయ్యరాదూ" అంటే ఇప్పుడూ రాసిస్తున్నాను. ఆఖరి చరణంలో మాత్రం నా పేరూ ఊరూ కలిపి కడుతున్నాను, పాత తత్వాల్లో ముద్ర పెట్టినట్టు. పోయిన వానాకాలం ఆకుపాముల దగ్గర నాట్లకు పోతున్న ఆడవాళ్లు ట్రాక్టరులో ఒకటి పాడుతూ పోయారు. మాట తప్పలేదు, బాణీ తప్పలేదు. ఆఖరి చరణం దగ్గరికొచ్చి మళ్లీ పల్లవి ఎత్తుకున్నారు.