చప్పటి చుక్క

మా వెంకటగిరికోటకి సముద్రం దూరం గానీ, నీళ్ళ విలువ తెలియని ఇల్లు లేదు. అందుకే నాకు సుహైలీ కథంటే ఇష్టం. బొంబాయిలో కట్టిన ఆ తెరచాప పడవలో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968లో ఒంటరిగా భూప్రదక్షిణకి బయల్దేరాడు. తుఫాను దెబ్బకి తొట్లలో మంచినీళ్ళు పాడైపోయాయి. చుట్టూ సముద్రమే, తాగడానికి చుక్క కరువు! తెరచాప మీద పడ్డ వాన పట్టుకుంటూ, ఎక్కడా ఆగకుండా 312 రోజులకి ఇల్లు చేరాడు.

ఇప్పటి పడవల్లో పంపులూ గొట్టాలూ వచ్చాయి. వాటితో కారడమూ వచ్చింది. పడవ అడుగున నీళ్ళు చేరితే ముందు నాలుకకి తగిలించి చూడాలి. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికొస్తోంది. చప్పగా ఉంటే మన మంచినీళ్ళే పోతున్నాయి. కుళాయిలన్నీ కట్టేశాక కూడా పంపు ఉండుండి తిరిగిందా, లీకున్నట్టే. ఇక పొడిగుడ్డతో ఒక్కో అతుకూ తడుముకుంటూ పోవడమే.

2017-18లో తారిణి మీద భూమిని చుట్టొచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు. బిందె కారుతోందని ముందు కనిపెట్టేది ఆడవాళ్ళేగా మరి!