ఆరు తీగెల వెనుక మరియొక వాద్యము

గిటారు తీగెను మీటగా పిల్లనగ్రోవి పలికినచో, వినువారు వాద్యమును విడిచి వాదకుని ముఖమును జూతురు. కొంతకాలము క్రిందట మా స్టూడియోలో అట్లే జరిగినది. ఒక యువకుడు తన గిటారుపై, తీగెల నాని యుండు గుర్రము ప్రక్కన, సన్నని నల్లని పట్టె నొకదానిని బిగించి, లావుపాటి కేబులుతో దానిని క్రిందనున్న పెట్టెకు కలిపెను. వ్రేళ్లు గిటారుపై ఆడుచున్నవి. స్పీకరులో వేణువు వినవచ్చుచున్నది. మేము ముచ్చటపడితిమి గాని, అద్దమున కావలనున్న మా ఇంజినీరుగారు కనుబొమలు ముడిచి, “వ్రేలికీ ధ్వనికీ నడుమ ఏదో సందున్నదండీ!” అనిరి. ఆ సందును పూడ్చుటకై జరిగిన ప్రయత్నముల చరిత్రయే ఈ ప్రసంగమునకు విషయము.

గిటారునకు విద్యుత్తు తోడైన కథ 1931 ప్రాంతమున అమెరికాలో ఆరంభమైనది. బాకాలు, డోళ్ల నడుమ గిటారు నాదము వినబడక వాదకులు వెనుకబడుచుండిరి. జార్జి బీచంప్ అను వాదకుడు అడాల్ఫ్ రికెన్‌బేకరుతో చేరి, ఉక్కు తీగెల చెంత అయస్కాంతమును, దానితో తీగచుట్టను అమర్చెను. తీగె కంపించినప్పుడు అయస్కాంతక్షేత్రము చలించి చుట్టలో విద్యుత్తు పుట్టును. దీనికే పికప్ అని పేరు. 1937లో దానికి పేటెంటు లభించినది. ఆరు తీగెల కంపనములును ఒకే ప్రవాహమున కలిసిపోవుచుండెను. ధ్వనిని పెంచుటయే పని యైనంతకాలము దానివలన నష్టము లేకపోయినది.

చిక్కు పిమ్మట వచ్చినది. 1964లో రాబర్ట్ మూగ్ తన సింథసైజరును వెలువరించెను. విద్యుత్ప్రవాహముతోనే నాదమును సృజించు ఆ యంత్రమునకు కీబోర్డు చక్కగా అతికినది. కారణము సులభము. కీ అనునది ఒక స్విచ్చు. ఏ కీ నొక్కిన ఎంత వోల్టేజి పోవలెనో ముందే నిర్ణీతము. స్థాయి ఒకటి పెరిగిన ఒక వోల్టు పెరుగును. తీగె స్విచ్చు కాదు. అది కంపించును, క్షీణించును, వ్రేలి ఒత్తిడికి వంగును. తన స్వరమేదో అంకెలలో చెప్పదు. యంత్రమే విని, కొలిచి, నిర్ణయించుకొనవలెను. ఈ కారణమున 1970ల ఆరంభమున క్రొత్త నాదము లన్నియు కీబోర్డు వాదకుని సొత్తైనవి. జీవితమంతయు తీగెలపై వ్రేళ్లు కాయలు గాచిన వానికి స్టూడియోలో పని తగ్గునను భయము కలిగినది. ఆ భయము నిరాధారము కాదు.

1977లో రెండు సంస్థలు ఈ సమస్యకు పూనుకొన్నవి. అమెరికాలోని ఆర్ప్ సంస్థ అవతార్ అను యంత్రమును తెచ్చినది. పేరు మన భాషదే గాని అదృష్టము కలిసిరాలేదు. పికప్ ఆరు తీగెలను వేరువేరుగా వినగలిగినను, సింథసైజరు ఒకేసారి ఒక్క స్వరమునే పలుకును. దానిపై వెచ్చించిన ధనము తిరిగి రాలేదు. 1981లో ఆ సంస్థ మూతపడుటకు అదియు నొక కారణము. రెండవది, ఇకుతారో కకెహాషి 1972లో ఒసాకాలో స్థాపించిన రోలండ్ సంస్థ. వారి జీఆర్-500 ప్రత్యేకముగా చేసిన గిటారుతో కలిసి వచ్చెను. 1980లో వెలువడిన జీఆర్-300 వాదకుల మనసు దోచినది. ఆరు తీగెలకు ఆరు ధ్వనిజనకములు. ప్రతిదియు తన తీగె కంపనమునే అంటిపెట్టుకొని నడచును. అందుచే అది వ్రేలిని వెన్నంటి పలుకును. రాబర్ట్ ఫ్రిప్, ఏడ్రియన్ బెలూ దానిని చేపట్టిరి. పాట్ మెథెనీ 1982 నాటి ‘ఆఫ్‌రాంప్’ రికార్డులో దానిని వాయించిన తీరు విన్నవారికి అది గిటారో ట్రంపెటో తోచదు. మనుష్యుడే ఊపిరి పూరించుచున్నట్లుండును.

1983 జనవరిలో అమెరికాలోని ఒక వాద్యప్రదర్శనమున వేరువేరు సంస్థల రెండు కీబోర్డులను ఒక కేబులుతో కలిపిరి. ఒకదానిపై వాయింపగా రెండవది పలికినది. డేవ్ స్మిత్ 1981లో ప్రతిపాదించిన భావమునుండి, కకెహాషి ప్రోత్సాహముతో రూపొందిన ఆ సంకేతభాషకు మిడి అని పేరు. 2013లో వారిరువురికిని సాంకేతిక గ్రామీ లభించినది. మిడి కేబులులో పోవునది నాదము కాదు, ఆజ్ఞ: ఏ స్వరము, ఎంత బలము, ఎప్పుడు విడుపు. సెకనుకు 31,250 బిట్ల వేగమున ఒక స్వరాజ్ఞ చేరుటకు సుమారు ఒక మిల్లీసెకను చాలును. అయిన సందెక్కడిది? అది కేబులులో లేదు, తీగెలోనే యున్నది.

గిటారు మంద్రపు తీగె సెకనుకు సుమారు 82 మారులు కంపించును. ఒక్క కంపనమునకు 12 మిల్లీసెకన్లు పట్టును. స్వరమేదో తేల్చుటకు యంత్రము ఒకటిన్నర, రెండు కంపనములైనను చూడవలెను. మీటిన తొలిక్షణమున వినబడునది స్వరము గాక రాపిడి శబ్దము మాత్రమే. వెరసి 20 మిల్లీసెకన్లకు పైమాటే. పై తీగె 330 మారులు కంపించును గనుక అచ్చట ఆలస్యము స్వల్పము. ఇరువది మిల్లీసెకన్లనగా నాదము గాలిలో ఏడు మీటర్లు ప్రయాణించు కాలము. ప్రక్కన కూర్చుండవలసిన మృదంగ విద్వాంసుడు సభలో నాలుగవ వరుసనుండి వాయించినట్లుండునని మా భావము. అనుభవజ్ఞులు మంద్రస్వరములను పై తీగెలపై వాయించి, యంత్రముచే ఒక స్థాయి దింపించుకొందురు. లేదా మెల్లగా ఉబ్బు నాదములనే ఎంచుకొందురు. 1980ల నడుమ ఇంగ్లండులో వచ్చిన సింథాక్స్ కొలతనే వర్జించి, ఎడమచేతికి ఒక తీగెల వరుసను, కుడిచేతికి మరియొక వరుసను ఏర్పరచినది. ఆలన్ హోల్డ్స్‌వర్త్ దానిపై 1986లో ‘అటావక్రాన్’ రికార్డు చేసెను. కాని దాని ఖరీదు సామాన్యులకు అందునది కాదు.

వాదకునికి నిజమైన ఊరట, తన గిటారును వదలనక్కరలేని పట్టె వచ్చినప్పుడే కలిగినది. 1980ల ఉత్తరార్ధమున రోలండ్ వారు జీకే అను పికప్‌ను ఏ ఉక్కుతీగెల గిటారుకైనను అమర్చునట్లు చేసిరి. 1995 నాటి వీజీ-8 స్వరమును కొలుచు పనినే మాని, తీగె ధ్వనినే నేరుగా మలచెను. 2013లో ఫిష్‌మన్ వారి ట్రిపుల్‌ప్లే కేబులును సైతము తొలగించెను.

మన శ్రోతలకు సందు కంటె గమకము ముఖ్యము. కీబోర్డు కొరకు పుట్టిన మిడిలో జారుటకు వేరు ఆజ్ఞ కలదు. అయితే అది ఒక చానలంతటికిని వర్తించును. ఒక తీగెను లాగిన మిగిలిన ఐదును వంగును. అందుకే ఆరు తీగెలకు ఆరు చానళ్లు కేటాయింపవలెను. ఆ జారు పరిధి సాధారణముగా రెండు స్వరస్థానములే. దానిని పండ్రెండునకు పెంచనిచో జారు మెట్లెక్కినట్లు వినబడును. పంపు పెట్టెలో పండ్రెండు, పుచ్చుకొను యంత్రమున రెండు ఉన్నచో, వాదకుడు పంచమమునకు జారితినని తలచుచుండగా శ్రోతకు షడ్జము దాటి ఒక స్వరస్థానమునకు కొంచెము పైన మాత్రమే వినబడును! పాలకొల్లున జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ ఈ త్రోవ త్రొక్కలేదు. పికప్ మాత్రము గ్రహించి, జంటతీగెలు మాని, గమకమును వ్రేళ్లకే అప్పగించెను. ఆయన సోదరుడు రాజేశ్ మాండలిన్‌తో పాటు జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు సింథసైజరు ‘ఫ్లోటింగ్ పాయింట్’ రికార్డులో వినవచ్చును. చెన్నైలో రికార్డయి 2008లో వెలువడిన ఆ సంగీతమున రెండు మార్గములును ఒకే గదిలో కలిసినవి.

ఆనాడు మా స్టూడియోలో ఏమైనదని శ్రోతలు అడుగవచ్చును. ఇంజినీరుగారు గిటారు స్వంత నాదమును కూడ మరియొక కేబులున రప్పించి, వేణునాదము క్రింద సన్నగా కలిపిరి. తీగె టక్కున ముందు వినబడుటతో సందు మరుగుపడినది. యువకుడు మంద్రస్వరముల నన్నిటిని పై తీగెలకు మార్చుకొని మరల వాయించెను. మా వేణు విద్వాంసులు తలుపు వద్ద నిలబడి కడవరకు వినిరి; ఊపిరి తీయుటకు ఎక్కడ ఆగవలెనో ఆ యువకునకు చూపి వెళ్లిరి.