సీపాప్ పైపులో నీళ్లు చేరుతున్నాయా? చలికాలంలో ఇలా చేయండి..

స్లీప్ అప్నియాకు సీపాప్ మెషీన్ పెట్టుకుని పడుకుంటే, అర్ధరాత్రి ముక్కు మీద నీళ్లు పడుతున్నాయా? మెషీన్ పాడైందని కంగారు పడొద్దు. నల్లమల అంచున గిద్దలూరు, మార్కాపురం వైపు డిసెంబర్, జనవరి రాత్రులు చల్లబడతాయి. హ్యుమిడిఫైయర్ నుంచి వచ్చే వెచ్చటి తడిగాలి చల్లటి పైపులో నీరైపోతుంది. చిరాకేసి మాస్క్ తీసేస్తే మాత్రం నిద్రలో ఊపిరి ఆగడం మళ్లీ మొదలే!

ముందు హ్యుమిడిఫైయర్‌ను ఒక పాయింట్ తగ్గించి చూడండి. మరీ తగ్గిస్తే గొంతు ఎండిపోతుంది. పైపుకు గుడ్డ తొడుగు వేయండి, లేదంటే దుప్పటి కింద నుంచి తీసుకోండి. ఫ్యాన్ గాలి పైపుకు తగలనివ్వొద్దు. మెషీన్‌ను తల కంటే కిందుగా పెడితే నీళ్లు మాస్క్‌లోకి రాకుండా వెనక్కి జారతాయి. అయినా తగ్గలేదా? మీ మోడల్‌కు సరిపోయే హీటెడ్ ట్యూబ్ దొరుకుతుందేమో అడగండి. ప్రెజర్ జోలికి మాత్రం డాక్టర్‌ను అడగకుండా వెళ్లొద్దు.

అన్నట్టు, ట్యాంకులో డిస్టిల్డ్ వాటరే పోయండి. మన వైపు బోరు నీళ్ల సంగతి తెలిసిందేగా, నాలుగు రోజులకే తెల్లటి పొర కడుతుంది.