శీతల నిక్షేపములు – చట్టపు గడువు

1996 ఆగస్టు మొదటి దినములలో బ్రిటనులోని సంతాన చికిత్సాలయములకు ఒక కఠినమైన కర్తవ్యము ఏర్పడినది. అతిశీతల పాత్రలలో అయిదేండ్లుగా భద్రపరచియుంచిన మానవ పిండములలో, తల్లిదండ్రుల నుండి ఉత్తరము రానివాటిని వెలికిదీసి నశింపజేయవలెను. అట్లు నశించినవి మూడువేలకు పైగా ఉన్నవి. వాటి గడువు తీరినది. అదియే వాటి దోషము.

జీవకణములను గడ్డకట్టించి మరల చైతన్యవంతములను చేయు విద్య 1949లో ఇంగ్లండులో పట్టుబడినది. పోల్జ్, స్మిత్, పార్క్స్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు కోడిపుంజు శుక్రముపై ప్రయోగములు చేయుచుండిరి. చక్కెర ద్రావణమనుకొని ఒక సీసాలోనిది వాడగా ఆశ్చర్యకరమైన ఫలితము వచ్చినది. తీరా పరీక్షింపగా అందులో నున్నది గ్లిసరిను! సీసాల చీటీలు తారుమారైనవట. నాలుగేండ్లకే, 1953లో, అమెరికాలోని అయోవాలో గడ్డకట్టించిన మానవ శుక్రముతో గర్భధారణ సాధ్యమైనదని బంజ్, షెర్మన్ అనువారు ప్రకటించిరి.

ద్రవ నైట్రోజనులో, శూన్యమునకు దిగువ 196 డిగ్రీల చలిలో, కణమునకు వార్ధక్యము లేదు. పదేండ్లైనను నలుబదేండ్లైనను దాని కొక్కటే. కాలము గడచునది బయటనున్న మనుష్యులకు. వారు ముసలివారగుదురు, విడిపోవుదురు, ఇండ్లు మారుదురు, మరణింతురు. చట్టమునకు పని కల్పించినది ఈ వ్యత్యాసమే.

ఆ చిక్కు ప్రపంచము కంటబడినది ఆస్ట్రేలియాలో. మెల్‌బోర్నులో రెండు పిండములను భద్రపరచుకొనిన అమెరికా దంపతులు 1983లో విమాన ప్రమాదమున మరణించిరి. వారికి ఆస్తి గలదు. ఆ పిండములు వారసులా, వస్తువులా? చెప్పుటకు శాసన మేదియు లేకుండెను. మరుసటి యేడే విక్టోరియా రాష్ట్రము చట్టము చేసినది.

బ్రిటనులో ఆలోచన మెల్లగా సాగినది. 1978 జులై 25న, దేహము వెలుపల ఫలించిన పిండము నుండి లూయీ బ్రౌన్ అను శిశువు జన్మించెను. 1982లో తత్త్వశాస్త్ర విదుషి మేరీ వార్నాక్ అధ్యక్షతన ప్రభుత్వము కమిటీని నియమించెను. పిండములను పదేండ్లకు మించి నిల్వచేయరాదని 1984లో ఆ కమిటీ సలహా యిచ్చినది. 1990 నాటి చట్టము మరింత బిగించి, పిండములకు అయిదేండ్లు, శుక్రమునకు పదేండ్లు గడువు పెట్టినది. అయిదేండ్లు చాలవని 1996లో గ్రహించి, దానిని పదేండ్ల వరకు పొడిగింపవచ్చుననిరి. అయితే తల్లిదండ్రు లిరువురును వ్రాతపూర్వకముగా సమ్మతింపవలెను. ఉత్తరములు వెళ్లినవి. వందలాది దంపతుల నుండి బదులు రాలేదు. మతాచార్యులు నిరసించిరి గాని చట్టము ఆగలేదు.

నా దృష్టిలో గడువు కంటెను కఠినమైనది ఆ సంతకము. ఇంగ్లండులో ఒక యువతికి అండకోశములలో వ్యాధి యంకురించుటచే వాటిని తొలగింపవలసి వచ్చెను. అంతకు మున్నే, 2001లో, ఆమె అండములతోను ప్రియుని శుక్రముతోను ఆరు పిండములను సిద్ధపరచి భద్రపరచిరి. మరుసటి యేడు వారు విడిపోయిరి. అతడు సమ్మతిని ఉపసంహరించుకొనెను. ఆమెకు మాతృత్వమున కదియే కడపటి అవకాశమని ఎరిగియు, స్ట్రాస్‌బర్గులోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము 2007 ఏప్రిల్ 10న చట్టమునే సమర్థించినది. పదుమువ్వురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరియొకవైపు. ఇరువురి హక్కులును సమానమనుట సులభమే. అతనికి మరల సంతానము కలుగవచ్చును, ఆమెకు కలుగదు. ఆ నలుగురి వైపే నా మనస్సు మొగ్గుచున్నది.

మన దేశములో విద్య ముందు వచ్చినది, చట్టము చాల వెనుక. 1978 అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ కృషి ఫలితముగా ఒక బాలిక జన్మించెను. ఆ పిండమును గడ్డకట్టించి ఉంచి, పిదప గర్భమున ప్రవేశపెట్టితినని ఆయన చెప్పెను. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన కమిటీ దానిని విశ్వసింపలేదు. 1981 జూన్ 19న ఆయన ప్రాణత్యాగము చేసికొనెను. 1997లో శాస్త్రజ్ఞుడు ఆనందకుమార్ ఆయన కాగితములు పరిశీలించి, కీర్తి ఆయనదేయని ప్రకటించెను.

భారత వైద్య పరిశోధనా మండలి 2005లో మార్గసూత్రములు వెలువరించినను వాటికి శాసనబలము లేదు. 2021 నాటి చట్టము 2022 జనవరి 25న అమలులోనికి వచ్చినది. దాతల బీజకణములకు, పిండములకు పదేండ్లే గడువు. తరువాత నశింపనీయవలెను, లేదా సమ్మతిపై పరిశోధన కీయవలెను. మనుష్యులకును ఆ చట్టము గడువు పెట్టినది: స్త్రీకి ఏబది యేండ్లు, పురుషునికి ఏబదియైదు దాటరాదు. 2019లో గుంటూరులో డెబ్బదేండ్లు దాటిన తల్లి కవలలను కనిన వార్త తెలుగువారు మరచియుండరు.

ఆ 2022లోనే బ్రిటను తన గడువును 55 ఏండ్లకు పెంచినది. పదేండ్ల కొకసారి సమ్మతిని నూతనపరచిన చాలును. మన పదేండ్లకు ఆధారమేమో చట్టములో కానరాదు. అది అమలులోనికి వచ్చిన దినమున భద్రపరచిన పిండమునకు 2032 జనవరితో కాలము తీరును. ఆనాడు చికిత్సాలయములు మరల ఉత్తరములు వ్రాయవలసియుండును. దంపతుల చిరునామాలు అప్పటికి ఎన్ని మారియుండునో.